పెంకుముక్కకు విలువిచ్చాడు, మనుషుల్ని మెట్లమీద నిలబెట్టాడు: జనరల్ పిట్-రివర్స్ జీవితం

ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం పేరు గత కొన్నేళ్లుగా తరచూ వార్తల్లోకి వస్తోంది. 2020లో అక్కడి అద్దాల బీరువాల్లోంచి దక్షిణ అమెరికాకు చెందిన కుదించిన మనిషి తలలను తీసేశారు. 2022లో, బ్రిటిష్ సైన్యం ఒకప్పుడు ఇప్పటి నైజీరియా నుంచి ఎత్తుకొచ్చిన బెనిన్ కళాఖండాలను తిరిగి ఇచ్చెయ్యాలన్న నైజీరియా అభ్యర్థనకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మద్దతు పలికింది. ఈ వార్తలు చదివి, అసలు ఈ పిట్-రివర్స్ ఎవరా అని వెతికేవాళ్లకు రెండు రకాల సమాధానాలు దొరుకుతాయి. ఒకచోట ఆయన శాస్త్రీయ తవ్వకాలకు ఆద్యుడు. మరోచోట ఆయన దోపిడీ సొమ్ము కొని పోగేసిన సామ్రాజ్యవాది, జాతుల మధ్య హెచ్చుతగ్గులు ఉన్నాయని నమ్మిన మనిషి.

ఈ రెండు వర్ణనలూ ఒకే మనిషివి. రెంటికీ ఆధారాలున్నాయి. ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఇంకొకటుంది. ఆయన చేసిన గొప్ప పనీ, ఆయన చేసిన పెద్ద పొరపాటూ ఒకే ఆలోచనలోంచి పుట్టాయి. ఆ ఆలోచన ఆయనకు పురావస్తువుల దగ్గర కాదు, సైన్యంలో తుపాకుల దగ్గర తట్టింది.

పాత వస్తువుల మీద మోజుకూ పురావస్తు శాస్త్రానికీ తేడా

18, 19 శతాబ్దాల బ్రిటన్‌లో పాత నాణేలు, శాసనాలు, సమాధులు, కత్తులు సేకరించి వాటి గురించి రాసుకునే ఒక వర్గం ఉండేది. వాళ్లలో ఎక్కువమంది భూస్వాములు, చర్చి గురువులు, రిటైరైన సైనికాధికారులు. తీరికా డబ్బూ ఉన్నవాళ్ల పని అది. ఒక పాత సమాధి దిబ్బను ఒక్క పూటలో కూలీలతో తవ్వించి, నడిమధ్య దొరికిన కుండో కత్తో ఇంటికి తీసుకుపోయేవాళ్లు. మిగిలిన మట్టి, పెంకులు, ఎముకలు అక్కడే వదిలేసేవాళ్లు.

పురావస్తు శాస్త్రవేత్త చూసేది వేరు. వస్తువు ఎంత అందంగా ఉందన్న దానికంటే అది ఎక్కడ, ఎంత లోతులో, వేటితో కలిసి దొరికిందన్నది అతనికి ముఖ్యం. ఆ వివరాలు రాసుకోకుండా వస్తువును బయటికి తీస్తే, ఆ సాక్ష్యం మళ్లీ దొరకదు. మనకు అమరావతి స్తూపం తెలిసిందే. సైనిక ఇంజనీరు కాలిన్ మెకంజీ అక్కడికి మొదటిసారి చేరేటప్పటికే దాని రాళ్లు ఇళ్ల నిర్మాణానికి తరలిపోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. శిల్పాలైతే మిగిలాయి. ఏ ఫలకం ఏ వరసలో నిలబడి ఉండేదన్నది మాత్రం పండితులు ఆ తర్వాత ఊహించి తేల్చుకోవలసి వచ్చింది.

ఈ వ్యాసంలో ఇంకో రెండు మాటలు వస్తాయి. ఒకే రకం వస్తువులను వాటి రూపంలోని చిన్న చిన్న మార్పులను బట్టి వరుసగా పేర్చడాన్ని టైపాలజీ అంటారు. మట్టి పొరల్లో కింది పొర ముందు ఏర్పడింది, పై పొర తర్వాత ఏర్పడింది అన్న లెక్కతో కాలం తేల్చడాన్ని స్ట్రాటిగ్రఫీ అంటారు. పిట్-రివర్స్ జీవితంలో మొదటి సగం టైపాలజీతో గడిచింది. రెండో సగంలో ఆయన పొరల దగ్గరికి వచ్చాడు.

రెండో కొడుకు, కొత్త రైఫిల్

పుట్టినప్పుడు ఆయన పేరు ఆగస్టస్ హెన్రీ లేన్ ఫాక్స్. 1827 ఏప్రిల్ 14న యార్క్‌షైర్‌లో పుట్టాడు. తల్లి ఒక ఎర్ల్ కుటుంబానికి చెందినది, తండ్రి భూస్వాముల కుటుంబంవాడు. అయితే ఈయన రెండో కొడుకు. ఇంగ్లండ్ కులీన కుటుంబాల్లో ఆస్తి పెద్దకొడుక్కి పోతుంది, చిన్నవాళ్లు సైన్యంలోనో చర్చిలోనో బతుకుతెరువు వెతుక్కోవాలి. 1845లో, పద్దెనిమిదేళ్లకు, ఆయన గ్రెనడియర్ గార్డ్స్ రెజిమెంటులో చేరాడు.

అప్పట్లో బ్రిటిష్ సైన్యం నున్నటి గొట్టం ఉన్న పాత మస్కెట్లను వదిలి రైఫిళ్లకు మారుతోంది. 1850ల మొదట్లో కొత్త తుపాకుల పరీక్షల పని ఈ యువ అధికారి చేతికొచ్చింది. ఫ్రాన్సులో తయారైన మినియే తూటాను పరీక్షించాడు, యూరప్ వెళ్లి అక్కడి సైన్యాలు గురి ఎలా నేర్పుతున్నాయో చూసొచ్చాడు. హైత్‌లో సైనికులకు రైఫిల్ శిక్షణ ఇచ్చే పాఠశాల మొదలైన తొలిరోజుల్లో అక్కడ పనిచేశాడు. తర్వాత మాల్టాలోనూ అదే పని. 1854 సెప్టెంబరులో క్రిమియాలో ఆల్మా యుద్ధంలో పాల్గొన్నాడు గానీ, జబ్బుపడి త్వరలోనే తిరిగొచ్చేశాడు. ఆయన యుద్ధానుభవం అంతే. సైనికుడిగా ఆయన అసలు పని పరీక్షించడం, కొలవడం, నేర్పడం.

ఆ పరీక్షల్లో ఆయన ఒకటి గమనించాడు. ఏ తుపాకీ ఒక్కసారిగా పుట్టలేదు. గొట్టం లోపలి గాడి కాస్త మారుతుంది, తూటా అడుగు కాస్త మారుతుంది, తుపాకీని పేల్చే మీట కాస్త మారుతుంది. పనికొచ్చిన మార్పు నిలబడుతుంది, పనికిరానిది పోతుంది. పాత తుపాకులన్నీ వరుసగా పెడితే మనిషి బుర్ర ఎలా పనిచేసిందో ఆ వరుసలో కనిపిస్తుంది. మొదట తుపాకులు కొన్నాడు. ఆ తర్వాత విల్లులు, బల్లేలు, డాళ్లు, బుట్టలు, పడవల నమూనాలు, తాళాలు, సంగీత వాద్యాలు. 1859లో డార్విన్ సిద్ధాంతం వెలువడేటప్పటికి లేన్ ఫాక్స్ ఇంట్లో గోడలు నిండిపోయి ఉన్నాయి. జీవుల విషయంలో డార్విన్ చెప్పింది వస్తువుల విషయంలో తను చూస్తున్నానని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది.

ఇతర సేకర్తలు అందమైనవి, అరుదైనవి కొనేవాళ్లు. ఈయనకు కావలసింది మామూలు వస్తువు, ఎందుకంటే మార్పుల వరుసలో మధ్య మెట్టు సాధారణంగా ఏ సొగసూ లేని వస్తువే అవుతుంది. ఇంత డబ్బూ హోదా ఉన్న మనిషి మొద్దు కర్రకు అంత విలువివ్వడం ఆ కాలానికి కొత్తే.

ఒక కర్ర చుట్టూ గీసిన బొమ్మ

1875లో ఆయన సంస్కృతి పరిణామం గురించి ఒక ఉపన్యాసమిచ్చాడు. దానితోపాటు అచ్చయిన ఒక బొమ్మ ఈనాటికీ పురావస్తు తరగతుల్లో చూపిస్తారు. బొమ్మ నడిమధ్య ఒక మామూలు గుండ్రటి కర్ర ఉంటుంది. దాని చుట్టూ అన్ని వైపులకూ గీతలు విచ్చుకుంటాయి. ఒక దిక్కున కర్ర మెల్లగా వంగుతూ బూమరాంగ్ అవుతుంది. ఇంకో దిక్కున పిడి దగ్గర కాస్త కాస్త వెడల్పై డాలుగా మారుతుంది. మరో దిక్కున చివర బొడిపె పెరిగి గద అవుతుంది. వేరొక దిక్కున సూదిగా సాగి బల్లెం అవుతుంది. అన్నీ ఆస్ట్రేలియా ఆదివాసుల ఆయుధాలే.

చూడగానే ఆకట్టుకునే బొమ్మ అది. ఎన్నిసార్లు చూసినా ఒక్క క్షణం నమ్మాలనిపిస్తుంది. అయితే ఒక ప్రశ్న వేసి చూడండి: ఆ కర్ర ఎప్పటిది, ఆ బూమరాంగ్ ఎప్పటిది?

రెండూ 19వ శతాబ్దానివే. అవన్నీ ఆయన కాలంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చినవి. కర్ర ముందు పుట్టిందని, బూమరాంగ్ తర్వాత వచ్చిందని చెప్పడానికి ఆ వస్తువుల్లో ఏ ఆధారమూ లేదు. సాదాగా ఉన్నది పాతది, మెలికలున్నది కొత్తది అని ఆయన ముందే అనుకుని, ఆ ఊహ ప్రకారం పేర్చాడు. పేర్చిన వరుసనే ఆ ఊహకు రుజువుగా చూపించాడు.

రూపం ఎప్పుడూ సాదా నుంచి సంక్లిష్టానికే పోదని ఆయనకూ తెలుసు. న్యూ ఐర్లండ్ దీవి పడవ తెడ్ల మీద చెక్కిన మనిషి బొమ్మ క్రమంగా చెదిరి చివరికి నెలవంక లాంటి గీతగా మిగిలిపోయిన వరుసను ఆయనే చూపించాడు. పాత బ్రిటన్ నాణేల మీద మాసిడోనియా నాణెపు బొమ్మ ఇలాగే కరిగిపోయిందని నాణేల పండితుడు జాన్ ఎవాన్స్ అంతకుముందే తేల్చాడు. నాణేల దగ్గర ఈ పద్ధతి బాగా నిలిచింది. మొదటి నాణెం ఎవరిదో, ఎప్పటిదో తెలుసు కాబట్టి వరుసకు ఒక కొస గట్టిగా దొరుకుతుంది. ఆ పట్టు లేనిచోట వరుస ఎటు నడుస్తోందన్నది చూసేవాడి నమ్మకం మీద ఆధారపడుతుంది.

అసలు నష్టం దీని తర్వాతి అడుగులో జరిగింది. సాదా కర్ర పాతదైతే, దాన్ని ఇప్పటికీ వాడుతున్న మనుషులు కూడా పాత దశలో ఆగిపోయినవాళ్లే అన్నది ఆయన వాదం. ఆ మెట్లలో అడుగున ఆస్ట్రేలియా ఆదివాసి, పైమెట్టున ఇంగ్లీషువాడు. ఆ కాలపు మానవశాస్త్రంలో ఇది ఆయనొక్కడి మాట కాదు. కానీ ఆయన దాన్ని వస్తువులతో, బీరువాలతో, వరుసలతో మామూలు జనానికి కళ్లకు కట్టేలా చూపించాడు. అందుకే దాని ప్రభావం ఎక్కువ. ఆస్ట్రేలియా ఆదివాసులకూ ఇంగ్లీషువాళ్లంత చరిత్ర ఉంది. వాళ్ల గదా బూమరాంగూ వేల ఏళ్ల నైపుణ్యంతో చేసినవి. ఆ చరిత్రంతా ఆ బొమ్మలో ఒక తొలిమెట్టుగా కుదించుకుపోయింది.

తన సేకరణను మామూలు జనానికి ఎందుకు చూపించాలన్న దాని మీదా ఆయనకు స్పష్టమైన ఉద్దేశముంది. 1874లో తన సేకరణను మొదటిసారి ప్రజలకు చూపించినప్పుడు, పేద కార్మికులుండే తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌ను ఎంచుకున్నాడు. అక్కడి నుంచి అది సౌత్ కెన్సింగ్టన్‌కు వెళ్లింది. మార్పు మెల్లగా, మెట్టు మెట్టుగా వస్తుందని, ఎగిరి దూకడం ప్రకృతిలో లేదని కార్మికులు కళ్లారా చూస్తే విప్లవాల మాటలు చెవికెక్కించుకోరని ఆయన 1891లో బాహాటంగానే వివరించాడు. జనానికి చదువు చెప్పాలన్న తపన, జనం తిరగబడతారేమోనన్న భయం, రెండూ ఆయనలో నిజంగానే ఉన్నాయి.

ఎవరూ ఊహించని ఆస్తి

1867లో ఆయన కర్నల్ హోదాలో సగం జీతం మీదికి వెళ్లాడు. ఉద్యోగంలో పేరుంటుంది, రోజూ డ్యూటీ ఉండదు, జీతం సగం వస్తుంది. ఆ తీరికలో కానన్ గ్రీన్‌వెల్ అనే చర్చి గురువు యార్క్‌షైర్‌లో సమాధి దిబ్బలు తవ్వుతుంటే వెళ్లి పని నేర్చుకున్నాడు. సస్సెక్స్‌లోని సిస్‌బరీ కొండ మీద చెకుముకి రాతి గనులను తవ్వాడు. అక్కడ జింక కొమ్ములు దొరికితే, అలాంటి కొమ్ములతోనే సుద్దరాయిని తవ్వి చూశాడు, పూర్వం గనులు అలా తవ్వి ఉంటారా అని. మధ్యమధ్యలో మళ్లీ సైనిక బాధ్యతలు వచ్చాయి. 1882లో లెఫ్టినెంట్ జనరల్‌గా రిటైరయ్యాడు.

ఈలోగా 1880లో ఆయన బతుకు మారిపోయింది. దూరపు బంధువు, ఆరో లార్డ్ రివర్స్ చనిపోయాడు. ఆ ఆస్తికి ఈయనకంటే ముందు వరసలో ఉన్నవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు పోవడంతో, పాత వీలునామా ప్రకారం అదంతా ఈయనకు వచ్చింది. ఇంగ్లండ్ దక్షిణాన క్రాన్‌బోర్న్ చేజ్ ప్రాంతంలో రష్‌మోర్ కేంద్రంగా సుమారు 27,000 ఎకరాలు. ఏడాదికి 20,000 పౌండ్ల దాకా రాబడి. షరతు ఒక్కటే, పిట్-రివర్స్ అన్న పేరు పెట్టుకోవాలి. మనం ఇప్పుడు పిలిచే పేరు ఆయనకు యాభై మూడో ఏట వచ్చింది.

ఆ 27,000 ఎకరాల్లో ఎన్నో పాత దిబ్బలు, కందకాలు, రోమన్ కాలపు పల్లెల ఆనవాళ్లు ఉన్నాయి. భూమి ఆయనదే, కాబట్టి తవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఖర్చుకు లెక్కలేదు, తొందరా లేదు. ఆ రోజుల్లో ఇలాంటి తవ్వకాలు విశ్వవిద్యాలయాల నుంచి కాకుండా ఒక జమీందారు నుంచి రావడానికి కారణం ఇదే. జీతానికి అసిస్టెంట్లను పెట్టుకున్నాడు. వాళ్లు సర్వే చేసేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, పుర్రెలు కొలిచేవాళ్లు. వాళ్లలో హెరాల్డ్ సెయింట్ జార్జ్ గ్రే తర్వాత సొంతంగా పేరున్న పురావస్తు శాస్త్రవేత్త అయ్యాడు.

గట్టు కింద నాణెం: పొరల లెక్క ఎలా పనిచేస్తుంది

డోర్సెట్, హాంప్‌షైర్ సరిహద్దులో బోకర్లీ డైక్ అనే పొడవాటి మట్టిగట్టు ఉంది. పక్కనే కందకం. మన ఊరి చెరువుగట్టును అయిదారు కిలోమీటర్లు సాగదీసినట్టుంటుంది. అది ఎప్పటిదో ఎవరికీ తెలియదు. రోమన్లు రాకముందుదని కొందరు, తర్వాతదని కొందరు వాదించుకునేవాళ్లు.

1888లో మొదలుపెట్టి ఆయన ఆ గట్టును అడ్డంగా కోసి చూశాడు. దీని వెనకున్న తర్కం చాలా సులువు. గట్టు పోసేటప్పుడు నేల మీద, పోసిన మట్టిలో అప్పటికే ఉన్న వస్తువులు కింద చిక్కుకుపోతాయి. ఉదాహరణకు గట్టు కింద మూడు నాణేలు దొరికాయనుకుందాం. ఒకటి క్రీ.శ. 180 నాటిది, ఒకటి 290 నాటిది, ఒకటి 395 నాటిది. గట్టు 395 కంటే ముందు పోసినది అయ్యే అవకాశమే లేదు. ఎందుకంటే ఇంకా ముద్రించని నాణెం కింద పడి ఉండదు. మిగతా రెండు నాణేలు ఎంత పాతవైనా లెక్కలోకి రావు, పాత నాణెం చాలాకాలం చేతులు మారుతూనే ఉండొచ్చు. లెక్క తేల్చేది అన్నిటికంటే కొత్తదే. అందుకే తుప్పుపట్టి ఎవరూ పట్టించుకోని చిల్లర నాణెం కూడా అక్కడ బంగారంతో సమానం. బోకర్లీలో రోమన్ పాలన చివరి రోజుల నాణేలు దొరికాయి. ఆయన తవ్విన భాగంలో గట్టు ఆ కాలానిది, లేదా ఆ తర్వాతిది అని తేలింది. ఆ హద్దుకు మరింత పాత దశలు కూడా ఉన్నాయని తర్వాతి పరిశోధకులు చూపించారు. పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక్కడ ఆ పాత బూమరాంగ్ బొమ్మను ఒకసారి తలచుకోండి. అక్కడ ఏది ముందో ఏది వెనకో ఆయన ఊహ నిర్ణయించింది. ఇక్కడ మట్టి నిర్ణయించింది. చిన్న వస్తువు కూడా సాక్ష్యమే అన్న పట్టుదల రెండుచోట్లా ఒకటే. ఆయన ఊహకు బయటి నుంచి పరీక్ష పెట్టేది ఒకటి దొరికిన చోట గొప్ప ఫలితం వచ్చింది, దొరకని చోట నమ్మకమే సిద్ధాంతమైపోయింది.

ఆయన జాగ్రత్త ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పడానికి వోర్ బారో తవ్వకం చాలు. కొత్త రాతియుగం నాటి పొడవాటి సమాధి దిబ్బ అది. 1893–94లో దాన్ని పూర్తిగా తవ్వాక, చుట్టూ ఉన్న కందకాన్ని ఆయన కావాలనే పూడ్చకుండా వదిలేశాడు. వానకూ మంచుకూ పక్క గోడలు ఎంత వేగంగా రాలి అడుగున మట్టి పేరుకుంటుందో చూడటానికి. నాలుగేళ్ల తర్వాత మళ్లీ కోసి కొలిచాడు. పాత కందకాల్లో అడుగు పొర ఎంతకాలంలో ఏర్పడి ఉంటుందన్నది ఇక ఊహించనక్కర్లేదు. తవ్వకాల్లో దొరికిన పశువుల ఎముకలను పోల్చడానికి, తన కాలపు గొర్రెలను, పశువులను కోయించి వాటి ఎముకలు కొలిపించాడు. తను తవ్విన గుంటల అడుగున తన పేరుతో అచ్చుపోయించిన చిన్న లోహపు బిళ్లలు వేయించి పూడ్పించేవాడు, రేపు ఎవరైనా అక్కడ తవ్వితే ఇది అంతకుముందే కదిపిన నేల అని తెలియాలని.

1887 నుంచి 1898 వరకు నాలుగు పెద్ద సంపుటాలను సొంత ఖర్చుతో అచ్చువేయించి గ్రంథాలయాలకు, పండితులకు పంచిపెట్టాడు. దొరికిన ప్రతి పెంకు, మేకు, ఎముక ఎక్కడ ఎంత లోతులో దొరికిందో పట్టికల్లో కనిపిస్తుంది. తవ్వేవాడు తనకు ముఖ్యమనిపించినవే రాసుకుంటాడని, రేపటివాళ్లకు ఏ ప్రశ్న పుడుతుందో ఈరోజు తెలియదు కాబట్టి అన్నీ రాయాల్సిందేనని ఆయన వాదన. ఆయన మాటల్లో నేను అన్నిటికంటే గౌరవించేది ఇదే. తన తీర్పు మీద అంత నమ్మకమున్న మనిషి, తన తీర్పు తప్పు కావొచ్చని ముందే ఒప్పుకుని దానికి తగ్గట్టు పని చేశాడు.

'ఆద్యుడు' అనొచ్చా?

ఈ బిరుదుకు ఎక్కువ ప్రచారం కల్పించిన వ్యక్తి బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్. ఆయనా సైనికాధికారే. పిట్-రివర్స్ సంపుటాలే తనకు గురువులని చెప్పుకున్నాడు. 1944 నుంచి 1948 దాకా భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా ఉండి, తక్షశిలలో భారతీయ విద్యార్థులకు పొరల పద్ధతిలో తవ్వకం నేర్పాడు. మన ప్రాంతపు చరిత్రకు ఈ దారిలోనే ఒక మేలు జరిగింది. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రోమన్ మట్టిపాత్రలతో కలిసి దొరికిన స్థానిక పాత్రలకు కాలం తేలింది. 1947లో ఇప్పటి కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వితే అడుగున రాతి గొడ్డళ్ల సంస్కృతి, దానిపైన పెద్ద రాతి సమాధుల సంస్కృతి, ఆపైన శాతవాహనుల కాలపు పొర ఒకదాని మీద ఒకటి కనిపించాయి. పై పొరకు వీలర్ పెట్టిన పేరు ఆంధ్ర సంస్కృతి. అరికమేడులో కాలం తేలిన పాత్రలు ఇక్కడా కనిపించడంతో, దక్కన్ పూర్వచరిత్రకు మొదటిసారి గట్టి వరుస దొరికింది. బోకర్లీ గట్టు కింది నాణెం తర్కమే ఇక్కడా పనిచేసింది.

అయితే మొదటివాడు పిట్-రివర్సేనా అంటే అభిప్రాయభేదాలున్నాయి. డెన్మార్క్‌లో వోర్సో అనే పురావస్తు శాస్త్రవేత్త అంతకు చాలా ముందే పొరలు చూసి తవ్వాడు. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1850లలోనే సురపురం ప్రాంతంలోని రాతి సమాధులను తవ్వి, లోపలి పొరలను జాగ్రత్తగా బొమ్మలుగా గీశాడు. ఆ సంగతిని గుర్తించి మెచ్చుకున్నది మళ్లీ వీలరే. పిట్-రివర్స్ పనిలోనూ లోపాలు చూపిస్తారు. ఆయన వేయించిన కోత బొమ్మలు చాలావరకు సగటు లెక్కతో గీసినవి, అసలు పొరల వంకరటింకర అంచులు వాటిలో కనబడవు. రోజువారీ తవ్వకంలో ఎక్కువ పని అసిస్టెంట్లది, కూలీలది. ఆయన మరణం తర్వాత ఆ పద్ధతిని దశాబ్దాలపాటు పెద్దగా ఎవరూ అనుసరించలేదు. నా అంచనాలో ఆద్యుడు అన్న మాట కాస్త ఎక్కువే. పెంకుముక్కకూ కిరీటానికీ ఒకే శ్రద్ధతో రికార్డు రాసి, అచ్చువేసి, అందరి ముందూ పెట్టడంలో మాత్రం ఆయన కాలంలో ఆయనకు సాటి లేరు.

భూస్వామి చేతిలో భూస్వాముల మీద చట్టం

1882లో బ్రిటన్ మొదటిసారి పురాతన కట్టడాల రక్షణ చట్టం చేసింది. పార్లమెంటులో ఏళ్లతరబడి దానికోసం పట్టుబట్టిన జాన్ లబ్బక్ తర్వాత పిట్-రివర్స్ కూతుర్ని పెళ్లి చేసుకుని ఆయన అల్లుడయ్యాడు. ఆ చట్టం కింద తొలి ఇన్‌స్పెక్టర్ పిట్-రివర్సే.

చట్టానికి పళ్లు లేవు. యజమాని ఇష్టపడితేనే కట్టడం ప్రభుత్వ సంరక్షణలోకి వస్తుంది. ఇష్టం లేదంటే చేసేదేమీ లేదు. స్టోన్‌హెంజ్ జాబితాలో ఉంది, దాని యజమాని ఒప్పుకోలేదు. అది జాతి ఆస్తి కావడానికి 1918 దాకా ఆగవలసి వచ్చింది. పిట్-రివర్స్ ఏటా ఊళ్లు తిరిగి తోటి భూస్వాములను బతిమాలేవాడు, కట్టడాలకు కొలతలు వేయించి బొమ్మలు గీయించేవాడు. కెంట్‌లోని కిట్స్ కోటీ రాళ్ల చుట్టూ ఇనుప కంచె ఆయన కాలంలోనే పడింది. చివరికి 1890లో జీతం వద్దని చెప్పి, ఊరికే ఆ పదవిలో ఉండిపోయాడు. సొంత ఆస్తి మీద ప్రభుత్వం చెయ్యి వెయ్యకూడదని నమ్మే వర్గం నుంచి వచ్చిన మనిషి కాబట్టే తోటివాళ్లు ఆయనకు గుమ్మం తెరిచారని కొందరంటారు. అదే కారణంగా గట్టి చట్టం కోసం ఆయన పోట్లాడలేదని మరికొందరంటారు. రెండు వాదనల్లోనూ బలముంది. భారతదేశంలో కర్జన్ 1904లో తెచ్చిన చట్టం యజమానితో ఒప్పందాలకు చోటిస్తూనే, అవసరమైతే బలవంతంగా కొనే అధికారాన్నీ ప్రభుత్వానికిచ్చింది. వలస దేశంలో సాధ్యమైంది సొంత దేశంలో సాధ్యం కాలేదు. లార్డుల సభలో కూర్చున్నవాళ్లే ఆ భూముల యజమానులు మరి.

రెండు సేకరణలు, ఒకే పేరు: బెనిన్ గందరగోళం

వార్తల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. పిట్-రివర్స్ పేరుతో రెండు వేరు వేరు సేకరణలున్నాయి.

మొదటిది 1884లో ఆక్స్‌ఫర్డ్‌కు ఇచ్చినది, ఇరవై వేలకు పైగా వస్తువులు. తను పేర్చిన వరుస పద్ధతిని అలాగే ఉంచాలని షరతు పెట్టాడు. అందుకే ఈనాటికీ అక్కడ వస్తువులు దేశాల వారీగా కాకుండా రకాల వారీగా ఉంటాయి, తాళాలన్నీ ఒకచోట, పడవలన్నీ ఒకచోట. ఆ తర్వాత ఇతరులు ఇచ్చినవి, కొన్నవి చేరి ఇప్పుడది ఐదు లక్షలు దాటింది.

రెండోది ఆయన తన ఎస్టేటులోని ఫార్నమ్ అనే ఊళ్లో పెట్టుకున్న సొంత మ్యూజియం. అక్కడికి జనాన్ని రప్పించడానికి దగ్గర్లో లార్మర్ ట్రీ అనే తోట వేసి, ఉచితంగా తెరిచి, బ్యాండు మేళం పెట్టించాడు. 1899లో ఆ తోటకు వచ్చినవాళ్లు 40 వేలు దాటారు.

1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలోని బెనిన్ నగరం మీద దాడి చేసి, రాజభవనంలోని వేల ఇత్తడి, దంతపు కళాఖండాలను ఎత్తుకొచ్చింది. అక్కడి రాజును ఓబా అంటారు; అప్పటి ఓబా ఓవోన్‌రామ్వెన్‌ను కలబార్‌కు పంపించేశారు. లండన్ వేలంపాటల్లో, వ్యాపారుల దగ్గర పిట్-రివర్స్ వాటిలో రెండు వందలకు పైగా కొన్నాడు. ఆయన ఎప్పుడూ బెనిన్ చూడలేదు. అవి ఎలా వచ్చాయో మాత్రం బాగా తెలుసు, దాడి కథ వార్తాపత్రికల నిండా ఉంది. వాటి మీద ఒక సచిత్ర గ్రంథం కూడా సిద్ధం చేశాడు. 1900 మే 4న చనిపోయాక అది వెలువడింది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆక్స్‌ఫర్డ్‌కు కానుక 1884లో, బెనిన్ దోపిడీ 1897లో. ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలోని బెనిన్ వస్తువులు జనరల్ ఇచ్చిన తొలి కానుకలోవి అయ్యే అవకాశం లేదు. అవి తర్వాత వేరే చేతుల మీదుగా వచ్చాయి. నైజీరియా జాతీయ మ్యూజియంల సంస్థ తిరిగి కోరినదీ, 2022లో విశ్వవిద్యాలయం ఒప్పుకున్నదీ ఆక్స్‌ఫర్డ్‌లోని రెండు మ్యూజియంలలో ఉన్న 97 వస్తువుల గురించి.

తిరిగివ్వాలనేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. ఇవి కొనుగోలు వల్లో కానుకగానో పోయినవి కావు, తుపాకీ చూపించి ఎత్తుకెళ్లినవి, దోపిడీకి కాలదోషం పట్టదు. ఆగి చూద్దామనేవాళ్లు చట్టాన్ని చూపిస్తారు. బ్రిటిష్ మ్యూజియాన్ని 1963 నాటి చట్టం కట్టేసింది. విశ్వవిద్యాలయాల సేకరణలకు ధార్మిక సంస్థల నియంత్రణ సంఘం అనుమతి కావాలి. ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న కూడా వచ్చింది, ఎందుకంటే 2023లో నైజీరియా అధ్యక్షుడు ఈ కళాఖండాల యాజమాన్యం ఇప్పటి ఓబాదేనని ప్రకటించాడు. చివరి ప్రశ్న నైజీరియన్లు తమలో తాము తేల్చుకోవలసినది. దాన్ని ఆలస్యానికి సాకుగా వాడటం న్యాయంగా నాకనిపించదు. అనుమతుల చిక్కు మాత్రం నిజమైనదే.

ఇంతకీ జనరల్ స్వయంగా కొన్న బెనిన్ వస్తువులేమయ్యాయి? ఫార్నమ్ మ్యూజియం వారసులకు దక్కింది. మనవడు జార్జ్ పిట్-రివర్స్ ఫాసిస్టు సానుభూతిపరుడు, రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం అతన్ని నిర్బంధించింది. 1960లలో ఆ మ్యూజియం మూతపడింది. జనరల్ తన నేలలో తవ్వి తీసినవి సాలిస్‌బరీ మ్యూజియానికి చేరాయి. మిగతావి, బెనిన్ కళాఖండాలతో సహా, దఫదఫాలుగా అమ్ముడై పలు దేశాల మ్యూజియంలకు, ప్రైవేటు సేకర్తల ఇళ్లకు చెదిరిపోయాయి. వాటిని వెతికేవాళ్లకు ఇప్పుడు పెద్ద ఆధారం ఆ రెండో సేకరణకు రాయించిన చేతిరాత జాబితా, తొమ్మిది సంపుటాలు, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. ప్రతి వస్తువుకూ రంగుల బొమ్మ, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారో, ఎంత పెట్టి కొన్నారో అందులో ఉంటుంది. ఏ వేలంపాటలోనైనా ఒక బెనిన్ ఇత్తడి ఫలకం బయటపడితే, పరిశోధకులు ఆ బొమ్మలతో పోల్చి ఇది ఫలానా తేదీన ఫలానా ధరకు జనరల్ కొన్నది అని చెప్పగలుగుతున్నారు.